కౌబాయి గుర్రం – జట్కా గుర్రం

తిరుపతి రైల్వే స్టేషను ఎదుట ఒకప్పుడు జట్కా బండ్లు బారులు తీరి నిలిచి ఉండేవి. రైలు దిగిన యాత్రికులను గోవిందరాజస్వామి ఆలయానికో, సత్రాలకో, అలిపిరికో, తిరుచానూరుకో చేర్చడం వాటి పని. ఆ బారులో మా నాయన బండి కూడా ఒకటి. ఆ బండిని లాగే గుర్రం పేరు లక్ష్మి. మా నాయన నోట అది ‘లచ్చిమి’ అయ్యేది. మా ఇంటిల్లిపాది భుజించే అన్నం ఆ మూగజీవి నాలుగు కాళ్ళ మీద ఆధారపడి ఉండేది. ఈ సత్యం నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. దానిని నాకు తెలియజేసినది ఒక చలనచిత్రం. ఆ చిత్రాన్ని చూసి నేను చేసిన ఒక తెలివితక్కువ పని.

అప్పుడు నేను ఎనిమిదవ తరగతి చదువుతున్నాను. తోటి విద్యార్థులు కొందరు నన్ను ‘జట్కావాడి కొడుకు’ అని పిలిచేవారు. ఆ మాటలో అబద్ధం లేదు. అయినా అది నా చెవులకు ముల్లులా తగిలేది. బడి విడిచే వేళకు మా నాయన బండి తోలుకుంటూ ఆ దారిన వస్తే, నేను చూడనట్లు తల తిప్పుకొని మరొక వీధిలోకి మళ్ళేవాడిని. గుర్రం చెమట వాసన, ఉడికించిన ఉలవల వాసన, గడ్డి వాసన మా ఇంట నిత్యం ఉండేవి. ఆ వాసన నా చొక్కాకు కూడా పట్టి ఉన్నదేమోనని తరగతి గదిలో నేను గోడవారగా ఒదిగి కూర్చునేవాడిని.

అటువంటి రోజులలో, 1971 ఆగస్టు 27న ‘మోసగాళ్ళకు మోసగాడు’ విడుదలైంది. మా ఊరి గోడల మీద ఆ చిత్రం ప్రకటనలు వెలిశాయి. తలపై వెడల్పాటి అంచుల టోపీ, నడుముకు తుపాకీ, గుర్రంపై స్వారీ! ఆ వేషంలో ఉన్నవాడు ఏ దూరదేశపు దొరో కాడు. మన తెలుగు నటుడు కృష్ణ. గుంటూరు జిల్లా బుర్రిపాలెంలో పుట్టినవాడు. నోటు పుస్తకం కొనుక్కోవాలని నాయనకు అబద్ధం చెప్పి, ఆ పైకంతో నేల టికెట్టు కొని ఆ చిత్రం చూశాను.

ఆ రెండున్నర గంటలు నేను తిరుపతిలో లేను. తెర మీద ఇసుక లేచింది. గుర్రాల డెక్కల చప్పుడుకు గుండె అదిరింది. నేను ప్రతిదినం గడ్డి వేసే జంతువు, పేడ ఎత్తే జంతువు తెర మీద వీరుడి వాహనమై నిలిచింది. హాలంతా ఈలలతో మారుమోగుతూ ఉంటే, నా మనస్సులో ఒకే ఒక ఆలోచన మెదిలింది: ‘మా ఇంట్లోనూ గుర్రం ఉంది!’

ఆ చిత్రం సామాన్యమైనది కాదని పెద్దవాడినైన తరువాత తెలుసుకున్నాను. భారతదేశంలో తొలి కౌబాయి చిత్రంగా అది పేరుపొందింది. కృష్ణ తన సోదరులతో కలిసి నెలకొల్పిన పద్మాలయా సంస్థకు అది రెండవ చిత్రం. దర్శకుడు కె.ఎస్.ఆర్. దాస్. ఆయన పుట్టిన వెంకటగిరి ఆనాడు నెల్లూరు జిల్లాలో ఉండేది. 2022లో జరిగిన జిల్లాల పునర్విభజనతో తిరుపతి జిల్లాలో చేరింది. ఆ విధంగా నేడు ఆయనను మా జిల్లావాడని చెప్పుకొనే భాగ్యం మాకు కలిగింది. అంతకు ముందు సంవత్సరం విజయలలిత ప్రధాన పాత్రధారిణిగా ‘రౌడీరాణి’ తీసి, స్త్రీ చేత తుపాకీ పట్టించిన దర్శకుడు కూడా ఆయనే. ఛాయాగ్రాహకుడు వి.ఎస్.ఆర్. స్వామి. రాజస్థాన్ ఎడారిలోని ఇసుక తిన్నెలను ఆయన కెమెరా తెలుగు ప్రేక్షకుల ముందుకు తెచ్చింది. ‘సువర్ణసుందరి’కి మధురమైన బాణీలు కట్టిన పి. ఆదినారాయణరావు దీనికి సంగీతం సమకూర్చారు. వీటన్నిటికంటె నన్ను ఆశ్చర్యపరచిన విషయం మరొకటి ఉంది. ఈ చిత్రానికి రచన చేసినవారు ఆరుద్ర! ‘త్వమేవాహమ్’ రాసిన కవి, ‘సమగ్రాంధ్ర సాహిత్యం’ రచించిన పరిశోధకుడు కౌబాయి కథకు కలం పట్టారంటే, ఆ పని ఆషామాషీగా జరిగినది కాదని గ్రహించవచ్చు.

కౌబాయి అనే మాటకు పుట్టినిల్లు అమెరికా. అక్కడ 1860 తరువాత రెండు మూడు దశాబ్దాల పాటు టెక్సాస్ ప్రాంతం నుండి వేలాది పశువులను వందల మైళ్ళు తోలుకొని వెళ్ళి, ఉత్తరాన ఉన్న రైలు స్టేషన్లకు చేర్చేవారు. ఆ పని చేసే కూలీలే కౌబాయిలు. ఎండకు, దుమ్ముకు తట్టుకోవడానికి వెడల్పాటి టోపీ. ముక్కుకు అడ్డంగా కట్టుకోవడానికి మెడలో రుమాలు. ముళ్ళపొదల నుండి కాళ్ళను కాపాడుకోవడానికి తోలు తొడుగు. అవి అలంకారాలు కావు, పనిముట్లు. హాలీవుడ్ ఆ శ్రామికుడిని వీరుడుగా మార్చింది. జాన్ ఫోర్డ్ 1939లో తీసిన ‘స్టేజ్‌కోచ్’ ఆ తరహా చిత్రాలకు గొప్ప గౌరవం తెచ్చింది. 1960 తరువాత ఇటలీ దర్శకుడు సెర్జియో లియోనె అదే కథను మరొక దారి పట్టించాడు. ఆయన చిత్రాలలోని అమెరికా ఎడారి చాలావరకు స్పెయిన్ దేశపు అల్మెరియా ప్రాంతం! పైగా 1964లో ఆయన తీసిన ‘ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్’కు మూలం జపాను దర్శకుడు కురొసావా 1961లో తీసిన ‘యోజింబో’. ఆ పోలికపై జపాను వారు అభ్యంతరం తెలిపి పరిహారం కూడా పొందారు. అంటే అమెరికా కథ జపాను మీదుగా ఇటలీకి, ఇటలీ నుండి స్పెయిన్ ఎడారికి ప్రయాణించింది. లియోనె చిత్రాలు, 1969లో వచ్చిన ‘మెకన్నాస్ గోల్డ్’ మన దేశంలోనూ విశేషాదరణ పొందాయి. ఆ గాలి తెలుగు నేలను తాకినప్పుడు పుట్టినదే ‘మోసగాళ్ళకు మోసగాడు’.

అయితే ఆ వయస్సులో నాకు ఇవేవీ తెలియవు. నాకు తెలిసినదల్లా టోపీ, తుపాకీ, గుర్రం. బడిలో నా స్థితి కూడా ఒక్కసారిగా మారిపోయింది. అంతవరకు నన్ను వెక్కిరించినవారే నా చుట్టూ చేరి, “మీ ఇంట్లో గుర్రముందంట కదా, ఎక్కుతావా?” అని అడగసాగారు. నేను ఏనాడూ లక్ష్మిని ఎక్కి ఎరుగను. జట్కా గుర్రం బండి లాగడానికే గాని స్వారీకి కాదని మా నాయన పలుమార్లు చెప్పి ఉన్నాడు. అయినా, “ఎక్కుతా, స్వర్ణముఖిలో చూపిస్తా” అని పందెం కాశాను.

మరునాడు సాయంకాలం మా నాయన బండి విప్పి, గుర్రానికి నీళ్ళు పెట్టి, స్నానానికి వెళ్ళాడు. నేను కళ్ళెం పట్టుకొని లక్ష్మిని మెల్లగా పెరటి దారిన బయటికి నడిపించాను. మా ఇల్లు తిరుచానూరు వెళ్ళే దారిలో ఉండేది. అక్కడికి స్వర్ణముఖి నది ఎంతో దూరం లేదు. ఏటిలో నీరు లేదు. కనుచూపు మేర ఇసుక. నా కళ్ళకు అదే రాజస్థాన్ ఎడారి. పడమటన చంద్రగిరి వైపు కొండలు అస్తమించే వెలుగులో ఎర్రగా కనబడుతున్నాయి. నా నెత్తిన తాటాకు టోపీ, నడుముకు చెక్క తుపాకీ. గట్టు మీద మిత్రులు ఏడెనిమిదిమంది. జీను లేని వీపు మీద గోనెపట్టా పరచి, ఎలాగో ఎక్కి, మడమలతో డొక్కలలో పొడిచాను.

దినమంతా బండి లాగి అలసిన గుర్రం అది. అయినా పరుగెత్తింది. ఆ పరుగు నిండా నూరు గజాలైనా సాగి ఉండదు. స్వర్ణముఖి ఇసుకలో తాగునీటికోసం జనం చెలమలు తవ్వుకుంటారు. మసక వెలుగులో ఆ చెలమ నాకు కనబడలేదు. లక్ష్మి ముందుకాలు అందులో దిగబడింది. నేను ఎగిరి ఇసుకలో పడ్డాను. నాకు మోచేయి గీసుకుపోయింది, అంతే. లక్ష్మి మాత్రం లేవడానికి రెండుసార్లు ప్రయత్నించి, మూడవసారి లేచి, కుడి ముందుకాలు నేల మోపలేక గాలిలో ఉంచి నిలబడింది. గట్టు మీద ఈలలు ఆగిపోయాయి. కొద్దిసేపటికి మిత్రులెవరూ అక్కడ లేరు.

నేను గుర్రాన్ని నడిపించుకుంటూ ఇల్లు చేరేసరికి చీకటి పడింది. మా నాయన లాంతరు పట్టుకొని వీధిలో నిలబడి ఉన్నాడు. ఆయన నా వైపు చూడలేదు. మోకాళ్ళ మీద కూర్చొని, లాంతరు దగ్గరగా పెట్టి, గుర్రం కాలిని పైనుంచి కిందికి వేళ్ళతో తడిమాడు. ఒకచోట చేయి పడగానే లక్ష్మి ఒళ్ళంతా వణికింది.

నన్ను కొడతాడని ఎదురుచూశాను. కొట్టి ఉంటే బాగుండేదని ఈనాటికీ అనిపిస్తుంది. ఆయన మెల్లగా లేచి, “సినిమాలో గుర్రం పడితే ఇంగో గుర్రాన్ని తెస్తారు నాయనా. మనకు ఇంగో గుర్రం యాడుండాది?” అన్నాడు. అంతకుమించి ఒక్క మాట లేదు. నేను సినిమా చూసిన సంగతి ఆయనకు ఎప్పుడు తెలిసిందో నాకు తెలియదు.

ఎముక విరగలేదు, నరం బెణికింది. అయినా కాలు నేల మోపడానికి ఇరవై రోజులు పట్టింది. అవి తిరుమల బ్రహ్మోత్సవాలు సమీపిస్తున్న రోజులు. ఏడాది మొత్తంలో జట్కావాళ్ళకు నాలుగు డబ్బులు మిగిలే కాలం అదే. రైళ్ళ నిండా యాత్రికులు దిగుతూ ఉంటే, మా బండి కాడి నేలకు ఆనించి పెరట్లో పడి ఉంది. మా నాయన ఉదయం స్టేషనుకు వెళ్ళి మూటలు మోసేవాడు. సాయంకాలం వచ్చి వావిలాకు కాచిన నీళ్ళతో లక్ష్మి కాలికి కాపడం పెట్టేవాడు. మా అమ్మ చేతి గాజులు కుదువకు వెళ్ళాయి. ఉలవలు మాత్రం తగ్గలేదు. మేము సంకటి తిన్న రోజున కూడా లక్ష్మి ముందు ఉడికించిన ఉలవల బాన ఉండేది. “పని చేయనప్పుడు కూడా ఎందుకు?” అని నేను ఒకసారి అడిగాను. “నీకు జొరమొచ్చినప్పుడు బువ్వ పెట్టకుండా ఉన్నామా?” అన్నాడు ఆయన.

ఆ ఇరవై రోజులు ప్రతి రాత్రి కాపడం నీళ్ళు కాచింది నేనే. అంతవరకు నాకు అసహ్యమైన ఆ వాసన ఎప్పుడు పోయిందో గమనించలేదు. లక్ష్మి కుడి ముందుకాలి నాడా ఎడమవైపే ఎక్కువ అరిగేదని, అది నీళ్ళు తాగేముందు ఒకసారి మూతితో నీటిని కదిలించి చూసేదని అప్పుడే తెలుసుకున్నాను. పదమూడేళ్ళు ఒకే ఇంట ఉండి కూడా ఆ జీవిని నేను చూడనే లేదు.

గుర్రం కోలుకొని బండి కట్టిన వారానికి ఒక ఆశ్చర్యం జరిగింది. మా నాయన నన్ను పిలిచి, “ఆ సినిమా ఇంకా ఆడతా ఉందంట, పోదాం పద” అన్నాడు. ఈసారి బెంచీ టికెట్టు. హాలులో ఆయన పక్కన బిగుసుకొని కూర్చున్నాను. నాగభూషణం పోషించిన ‘నక్కజిత్తుల నాగన్న’ మాటలకు ఆయన పడిపడి నవ్వాడు. గుర్రాలు పరుగెత్తే దృశ్యాలలో మాత్రం నవ్వు ఆపి, ముందుకు వంగి చూశాడు. “ఆ తెల్లది అలిసిపొయింది చూడు, నురగ కక్కతా ఉంది” అన్నాడొకసారి. ఇంటికి వచ్చేటప్పుడు, “కౌబాయి అంటే ఏమిరా?” అని అడిగాడు. మాస్టారు చెప్పిన అర్థం నేను చెప్పాను. “అంటే మన పసులకాపరే కదా! మరి ఆవులు యాడరా?” అన్నాడు. నాకు జవాబు దొరకలేదు. సినిమాలో వీరుడున్నాడు, గుర్రముంది, తుపాకీ ఉంది; ఆవులు కనబడిన గుర్తు లేదు.

ఆ ప్రశ్న నన్ను చాలాకాలం వెంటాడింది. ఉపాధ్యాయుడనై, సాహిత్యం, సినిమా కొంత చదివిన తరువాత దాని లోతు తెలిసింది. పని చేసేవాడి నుండి వేషాన్ని మాత్రం తీసుకొని, పనిని వదిలివేయడం ఆ తరహా చిత్రాలన్నిటికీ అలవాటు. నేను చేసినది కూడా అదే. టోపీ తీసుకున్నాను, పరుగు తీసుకున్నాను. గుర్రాన్ని సాకే ఓర్పును తీసుకోలేదు. అందుకే ఇసుకలో పడ్డాను.

మరి ఆ చిత్రం ఎందుకు పడిపోలేదు? అదీ పరాయి వేషం ధరించినదే కదా! ఆలోచించగా నాకు తోచిన కారణం ఇది. ఆ చిత్ర నిర్మాతలు టోపీని అరువు తెచ్చుకున్నారు గాని, తలను అరువు తెచ్చుకోలేదు. అమెరికా చిత్రాలలో తరచుగా కథ గెలిచినవాడి వైపు నిలుస్తుంది. ఆ నేల మీద మొదటినుండి ఉన్న ఆదివాసులు శత్రువులుగా కనబడతారు. ‘మోసగాళ్ళకు మోసగాడు’ కథ మన దేశంలో బ్రిటిషువారు సంస్థానాలను కబళిస్తున్న కాలంలో మొదలవుతుంది. వారి చేతికి చిక్కకుండా దాచిన సంస్థానపు నిధి చుట్టూ కథ తిరుగుతుంది. అంటే మన ప్రేక్షకుడు నిలిచేది దోచుకున్నవాడి వైపు కాదు, కోల్పోయినవాడి వైపు. ఇక రాయలసీమ బిడ్డలకు నిధి కథలు కొత్త కావు. చంద్రగిరి కోట గోడల కింద రాయలవారి ధనం ఉన్నదని చెప్పుకొనే పెద్దలను చూస్తూ పెరిగినవాళ్ళం మేము. ‘నక్కజిత్తుల నాగన్న’ అనే పేరు వినగానే ఊరి రచ్చబండ గుర్తుకు వస్తుందే గాని, టెక్సాస్ గుర్తుకు రాదు. ఆరుద్ర కలం చేసిన మేలు అది.

అలాగని లోపాలు లేవని కాదు. ఇటలీ చిత్రాల నుండి తెచ్చుకున్న సన్నివేశాల పోలికలు, ఆ చిత్రాలు చూసినవారికి సులభంగానే తెలుస్తాయి. అయితే మూలాన్ని దాటి నిలిచిన శక్తి ఏదో అందులో ఉన్నందువల్లనే ఆ దారిలో మరికొందరు నడిచారు. 1972లో తమిళంలో ఎం. కర్ణన్ దర్శకత్వంలో జైశంకర్ కథానాయకుడుగా ‘గంగా’ వచ్చింది. 1990లో చిరంజీవి ‘కొదమసింహం’తో, 2002లో కృష్ణ కుమారుడు మహేష్‌బాబు ‘టక్కరి దొంగ’తో తెలుగులో కౌబాయి వేషం ధరించారు. ఇక కృష్ణ, ఛాయాగ్రాహకుడు స్వామి మరల కలిసి పనిచేసిన ‘అల్లూరి సీతారామరాజు’ 1974లో తెలుగులో తొలి సినిమాస్కోపు చిత్రంగా వెలువడింది. కౌబాయి చిత్రం ఇచ్చిన ధైర్యం మన్యం వీరుడి కథకు కూడా ఉపకరించి ఉంటుందని నేను భావిస్తాను.

కె.ఎస్.ఆర్. దాస్ 2012లో కన్నుమూశారు. కృష్ణ 2022 నవంబరు 15న పరమపదించారు. మరుసటి సంవత్సరం మే 31న, ఆయన జన్మదినం నాడు, ‘మోసగాళ్ళకు మోసగాడు’ను కొత్త సాంకేతిక హంగులతో మరల విడుదల చేశారు. నేను మనవడిని వెంటబెట్టుకొని వెళ్ళాను. మేము బయలుదేరిన దారిలో ఒకప్పటి జట్కాల జాడ ఎక్కడా లేదు. స్టేషను ఎదుట ఆటోలు బారులు తీరి ఉన్నాయి. మా నాయన లేడు. లక్ష్మి అంతకు చాలాకాలం ముందే పోయింది.

తెర మీద ఇసుక లేచింది. నా చుట్టూ తలలు నెరసినవారు చిన్నపిల్లలై ఈలలు వేశారు. మనవడు కళ్ళార్పకుండా చూస్తూ, “తాతా, నీకు గుర్రపు స్వారీ వచ్చా?” అని అడిగాడు. “రాదు నాయనా. గుర్రాన్ని సాకడం మాత్రం వచ్చు. అది మా నాయన నేర్పినాడు” అన్నాను. వాడికి ఆ మాట పూర్తిగా అర్థమైనట్లు లేదు. మరల తెరవైపు తిరిగాడు. నేను కూడా చూశాను. అందరి చూపులు వీరుడి ముఖం మీద ఉండగా, నా చూపు మాత్రం పరుగెత్తే గుర్రపు కుడి ముందుకాలి మీద నిలిచింది.